జీడిచెట్టుకి పదిహేను బిందెలు

ముప్పై మూడేళ్లు మొక్కల ఉద్యోగం చేసి పోయినేడాది దిగిపోయాను. మాది పొందూరు. ఇంట్లో ఆడవాళ్లంతా నూలు వడికేవాళ్లు, మగవాళ్లంతా మగ్గం మీద కూర్చునేవాళ్లు. "మగ్గం ఒగ్గీసి మట్టిలో పడ్డావేటే నువ్వు" అని మా అమ్మ చివరిదాకా దెప్పుతూనే ఉంది. నాకు మాత్రం మట్టే నచ్చింది.

ఈ మధ్య మా మేనకోడలికి ఉద్యానశాఖలోనే ఉద్యోగం వచ్చింది. "అత్తా, ఏదైనా సలహా చెప్పు" అని ఫోన్ చేసింది. అప్పటికప్పుడు ఏమీ తోచలేదు. తర్వాత కూర్చుని రాసింది ఇది. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కాను, ఏ ఫైలు ఎవరు తొక్కిపెట్టారు అన్నవి రాయను. అవి దానికి ఎలాగూ తెలిసొస్తాయి.

ఎకరాల తోట ఉన్నవాడు వచ్చి ఎరువుల గురించి, సబ్సిడీ గురించి అడుగుతాడు. పెరట్లో ఒక్క చెట్టు ఉన్నవాళ్లు నీళ్ల గురించే అడుగుతారు. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆ ఒక్క చెట్టు చాలాసార్లు జీడిమామిడే అవుతుంది. ఇసక నేలైనా బతుకుతుంది, ఆకు దట్టం, పిల్లలకి పండు, పెద్దలకి పిక్కలు. "ఎన్ని నీళ్లు పొయ్యమంటావమ్మా?" అని నన్ను అడిగిన వాళ్లని లెక్కపెట్టలేను. ఆ ప్రశ్నకి జవాబు నాకు బాగా తెలుసని చాలాకాలం అనుకున్నాను. ఆ నమ్మకం ఒక చెట్టుని చంపింది. అందుకే రాస్తున్నాను.

అంకెల ఆఫీసరు

నా మొదటి పోస్టింగు విజయనగరంలో. అప్పటి మా ఆఫీసరు గారు నిజాయితీపరుడు. రైతు ఇంట్లో కొబ్బరిబొండం తాగినా తర్వాత నొచ్చుకునేవారు. టైముకి వచ్చేవారు, ఎవరినీ విసుక్కునేవారు కాదు. ఒకటే చాదస్తం. జవాబులో అంకె లేకపోతే ఒప్పుకునేవారు కాదు.

"కొంచెం పొయ్యండి, అప్పుడప్పుడు పొయ్యండి అని చెప్పకమ్మా. కొంచెం అంటే ఎవడికి తెలుసు? లీటర్లు చెప్పు, రోజులు చెప్పు. అంకె చెబితే నమ్ముతారు" అనేవారు.

నేను పట్టుగా నేర్చుకున్నాను. కాపుకొచ్చిన అంటు చెట్టుకి, పూత నిలిచాక, పదిహేను రోజులకోసారి రెండు వందల లీటర్లు. ఇంటివాళ్లకి లీటర్లు అర్థం కావు గనుక బిందెల్లోకి మార్చుకున్నాను. పదిహేను బిందెలు. అడగ్గానే నోట్లోంచి ఊడిపడేది. ఆ అంకె తప్పు కాదు, ఇప్పటికీ అదే చెబుతాను. కాకపోతే ఆయన జీపు దిగి చెట్టు దగ్గరికి నడిచి వెళ్లడం నేను చూసింది తక్కువ. ఆయన చెప్పిన దాన్లో సగమే పాఠం ఉందని తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

సన్యాసి మావ

మిగతా సగం నేర్పడానికి ఒకాయన ఉన్నాడు. కొత్తవలస దగ్గర ఒక నర్సరీలో మాలీ. పేరు సన్యాసి, ఊరంతటికీ మావ. కొండల వైపు వెళ్లే గూడ్సు బండి కూత విని టైము చెప్పేవాడు గానీ చేతికి వాచీ ఉండేది కాదు. నేను చదువుకుని వచ్చిన కొత్తలో ఒకరోజు జీడిమొక్క మొదట్లో బిందెడు నీళ్లు గుమ్మరిస్తుంటే చేయి పట్టుకుని ఆపాడు.

"ఓలమ్మ, సెట్టు నోరు మొదట్లో ఉండదమ్మా. నీడ అంచున ఉంటాది. అక్కడ పొయ్యి."

చెట్టుకి దాహం తీర్చే పిల్లవేళ్లు నీడ పడే అంచు దగ్గర ఉంటాయి. మొదట్లో తడి నిలిస్తే మాను జిగురు కారుతుంది, కుళ్లుతుంది. నా పుస్తకాల్లో ఇదంతా ఉంది, నాకు పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. అయినా చేతిలో బిందె ఉంటే మనిషి మొదట్లోనే పోస్తాడు. మొదటి రెండు వేసవులు మొక్కని ఎండనివ్వకూడదనీ, తర్వాత దాని వేరు అదే కిందికి పోతుందనీ, పొయ్యబోయే ముందు మట్టిలో వేలు దూర్చి చూడాలనీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వేలికి తడి తగిలితే బిందె దించేసి ఇంటికి పోవడమే.

పంతులు గారి చెట్టు

విజయనగరంలోనే ఒక వయొలిన్ పంతులు గారు ఉండేవారు. తాతల నాటినుంచి సంగీతం చెప్పే ఇల్లు. పెరట్లో నిగనిగలాడే జీడిచెట్టు. మూడేళ్లుగా ఒక్క పూత లేదని నన్ను పిలిపించారు. వెళ్లి చూస్తే కార్తీకంలో నేల చిత్తడిగా ఉంది. రోజూ సాయంత్రం శిష్యులు వెళ్లగానే ఆయనే గొట్టం పట్టుకుంటారట.

"వానలు వెనకపట్టాక దీన్ని ఎండగట్టాలండీ. కొన్నాళ్లు నీళ్లు లేకుండా ఉంటేనే పూతకొస్తుంది. లేకపోతే ఆకులేసుకుంటూ కూర్చుంటుంది" అన్నాను.

ఆయన నా వంక చూసి, "చెట్టు దాహంతో నిలబడితే పక్కన కూర్చుని నేను కాఫీ ఎలా తాగుతానమ్మా?" అన్నారు. ఆయన భార్య లోపల్నుంచి, "నేను ఆపుతాను తల్లీ, నువ్వెళ్లు" అంది. ఆవిడ గొట్టం తీసి తాళం పెట్టింది. పుష్యం వెళ్లేసరికి చెట్టంతా పూత. పంతులు గారు స్వయంగా ఆఫీసుకి వచ్చి అందరిముందూ నన్ను మెచ్చుకున్నారు.

అక్కడ పాడయ్యాను నేను. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా, అరుగు మీద చెప్పులు విడవకముందే జవాబు సిద్ధంగా ఉండేది. చెట్టుని చూసేదాన్ని, ఇంటిని చూసేదాన్ని కాదు. పొగడ్త ఒంటికి పట్టడమంటే అదే.

కళింగపట్నంలో ఎర్రమ్మ

దిగిపోవడానికి రెండేళ్ల ముందు సంగతి. అప్పటికి శ్రీకాకుళం బదిలీ అయి చాలాకాలమైంది. కళింగపట్నంలో చేపల వాళ్ల వీధి చివర ఎర్రమ్మ అని ఒకావిడ ఉంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. భర్త వేటకి వెళ్తాడు, ఈవిడ వచ్చిన చేపని చీల్చి, ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి అమ్ముతుంది. ఇంటిముందు ఇసకలో ఒకటే చెట్టు, పన్నెండేళ్ల జీడిచెట్టు. వీధి మొత్తానికి అదొక్కటే నీడ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ పనంతా దాని కిందే.

మాఘమాసంలో మొదటిసారి వెళ్లాను. పిందెలు రాలిపోతున్నాయని కబురు పెట్టింది.

"పిందె సంగతి తరవాత మేడమ్మా. సెట్టుకి ఏటీ అవ్వకూడదు. ఇది ఎదగక ముందు రెండుసార్లు ఎండదెబ్బ కొట్టి పడిపోనాను. రెండోపాలి మనిసిని అవుతానని మా ఓలు అనుకోనేదు. ఇది పోతే నాను మళ్లీ ఎండలో కూకోవాల."

"చెట్టు బాగానే ఉందప్పా. నీళ్లు చాలడం లేదంతే. పదిహేను రోజులకోసారి పదిహేను బిందెలు, నీడ అంచున పొయ్యి" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం.

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. వీధి కుళాయి వైపు చూసింది. "అలగేనమ్మా" అంది.

ఆ ఆగడం నాకు ఇవాళ కనిపిస్తోంది. అప్పుడు కనిపించలేదు. నాకు బస్సు టైమైంది.

నెల తర్వాత వెళ్తే ఆకుల అంచులు మాడి ఉన్నాయి, ఎవరో నిప్పు చూపించినట్టు. ఎండ ముదురుతోంది, ఇసక నేల, ఇంకేముంది అనుకున్నాను. "పోస్తున్నావా అప్పా?" అని అడిగాను. "పోస్తన్నానమ్మా, నువ్వు సెప్పినట్టే" అంది. వేలు దూర్చి చూశాను. తడిగానే ఉంది. అయినా నా అంకె మీదే నాకు నమ్మకం. "ఎండ ఎక్కువగా ఉంది, వారానికోసారి చెయ్యి" అని చెప్పి వచ్చేశాను. తడి మట్టిలో వేలు పెట్టి మరీ ఇంకా నీళ్లు పొయ్యమన్నాను చూడండి. సన్యాసి మావ నేర్పింది ఆరోజు నా చేతికి గుర్తుంది గానీ బుర్రకి లేదు.

చైత్రం చివరికి చెట్టు సగం ఆకు దులిపేసింది. ఎర్రమ్మ నన్ను ఏమీ అనలేదు. వీధిలో ఆడవాళ్లు మాత్రం అన్నారు. "మేడమ్మ రాకముందు బాగుండీది" అని ఒకావిడ నాకు వినబడేలాగే అంది. చిన్నబోయి, నీడ అంచున కాస్త మట్టి తవ్వి కవర్లో వేసుకున్నాను. పరీక్షకి పంపితే జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆదివారం నాడు కొత్తవలస బస్సెక్కి సన్యాసి మావ ఇంటికి పోయాను. ఆయన అప్పటికి బాగా ముసలివాడు. కళ్లు సరిగా ఆనడం లేదు. చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు. వెంటనే ఉమ్మేసి నవ్వాడు.

"ఇది మట్టేటే అమ్మీ, ఊరగాయేటే?"

ఉప్పు తొట్టి

మర్నాడు మొదటి బస్సుకే కళింగపట్నం వెళ్లాను. నేను ఎప్పుడూ మధ్యాహ్నం వెళ్లేదాన్ని. పొద్దున్న పూట ఆ వీధి ఎలా ఉంటుందో అదే మొదటిసారి చూడటం. పడవలు వచ్చి ఉన్నాయి. ఎర్రమ్మ రెండు రోజుల కింద ఊరేసిన చేపల్ని తీసి ఎండకి వేసింది. తర్వాత తొట్టిలో మిగిలిన ఉప్పునీళ్లని బిందెతో ముంచి, సరిగ్గా నేను చెప్పిన నీడ అంచున, చుట్టూ తిరుగుతూ పోసింది. పదిహేను లెక్కపెట్టింది. ఒక్క చుక్క మొదట్లో పడనివ్వలేదు.

వెళ్లి ఆ బిందె మీద చెయ్యి వేశాను.

"అప్పా, ఏంటి పోస్తున్నావు?"

"నీళ్లేనమ్మా. సేపల నీళ్లు. బలం గదా." నా మొహం చూసి ఆవిడ గొంతు తగ్గింది. "కుళాయి రోజు మార్సి రోజు వత్తాది. ఇంటికి నాలుగు బిందెలు. తాగడానికీ వండుకోడానికీ సాలదు. పదిహేను ఎక్కడ తెత్తాను? ఈ నీళ్లయితే ఊరికే పారబోత్తాం."

"ఇది ఉప్పు కదా!"

"కొబ్బరికి ఉప్పు ఎయ్యమంటారు గదా మీ ఓలే? ఎనక పెరట్లో దానికి మా అత్త కాలం నుంచీ ఎత్తన్నాం, గెలలు బాగా దిగుతాయి. కొబ్బరికి మంచిదైతే జీడికి సెడ్డేటి?"

నిజమే. కొబ్బరి మొదట్లో ఉప్పు వెయ్యడం సముద్రం పక్క ఊళ్లలో అందరికీ తెలిసిన పద్ధతి. సమావేశాల్లో ఆ మాట నేనే మైకు పట్టుకుని చెప్పాను. కూరగాయల పాదుకి చేపలు కడిగిన నీళ్లు పొయ్యడమూ మామూలే. ఆ రెంటినీ కలిపి ఆవిడ తెలివిగానే ఆలోచించింది. కొబ్బరికి గుప్పెడు ఉప్పు వేరు, జీడికి ప్రతివారం తొట్టెడు ఊరగాయ నీళ్లు వేరు అని చెప్పాల్సింది నేను. ఉప్పుకి మాడిన ఆకూ ఎండకి మాడిన ఆకూ చూడ్డానికి ఒకేలా ఉంటాయని నేను చదువుకున్నదే. ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది. నీళ్లు ఎక్కడినుంచి తెస్తున్నావప్పా? మూడు నెలల్లో ఆ ఒక్కటీ అడగలేదు.

"నాకు ముందే చెప్పొచ్చు కదా, కుళాయి నీళ్లు చాలవని" అన్నాను. సిగ్గులేని మాట అది. తప్పు నాదైతే ఆవిడ మీదికి తోశాను. ఆవిడ బిందె బోర్లించి కూర్చుంది.

మళ్లీ అదే పని

ఇక చెయ్యగలిగింది ఒకటే. పైన బెత్తెడు మట్టి గీకి తీసేసి, మంచినీళ్లు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పోస్తే ఉప్పు కిందికి దిగుతుంది. ఇసక నేల గనక దిగే అవకాశం ఉంది. నేను కొంగు బిగించి ఆవిడతో పాటు మట్టి గీకాను. గీకుతూ నడుం విరిగిపోయింది గానీ కాస్త ప్రాణం లేచొచ్చింది. వెళ్లేముందు చెప్పాను, "రోజుకి ఐదు బిందెల మంచినీళ్లు అప్పా. వానలు పడేదాకా. ఎలాగోలా పొయ్యి."

చూశారా? మళ్లీ అంకె. ఎక్కడినుంచి తెస్తావని మళ్లీ అడగలేదు. ఇది రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. ఆవిడ మళ్లీ "అలగేనమ్మా" అంది.

ఆ తర్వాత రెండో శనివారం, నాలుగో శనివారం తప్పకుండా వెళ్లాను. ఆఫీసు సెలవు రోజులు అవి. ఎవరూ పంపలేదు, నా అంతట నేనే వెళ్లాను. వెళ్లగానే నీడ అంచున కూర్చుని మట్టి ముట్టుకునేదాన్ని. నీడ లేదు, ఆకు లేదు, అయినా అలవాటు కొద్దీ ఆ అంచు అనే అంటున్నాను. ప్రతిసారీ తడిగా ఉండేది. చల్లగా, తియ్యటి నీళ్ల తడి. "బాగా పోస్తున్నావప్పా" అనేదాన్ని. గోటితో బెరడు గీరి చూసేదాన్ని. వైశాఖంలో లోపల పచ్చగా ఉంది. జ్యేష్ఠంలో ఒక వైపు పచ్చగా, ఒక వైపు గోధుమరంగులో ఉంది. ఆషాఢంలో పచ్చదనం ఎక్కడా కనబడలేదు. ఇంకొంచెం కిందికి గీరి, అక్కడ ఉందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎర్రమ్మ అప్పటికి నాలుగు కర్రలు పాతి పాత వల మీద టార్పాలిన్ పరుచుకుంది. గాలి వస్తే అది లేచిపోయేది. చేపలు చీలుస్తూ ఎండ ఎటు తిరిగితే అటు జరిగేది. మొహం నల్లబడింది. పనిలో మధ్యమధ్య ఆగి తల పట్టుకునేది.

చెప్పవలసిన మాట

శ్రావణంలో నాలుగు మంచి వానలు పడ్డాయి. ఉప్పు కడుక్కుపోయి ఉంటుంది. ప్రాణం ఉన్న చెట్టైతే ఎక్కడో ఒకచోట చిగురు కనబడాలి. కనబడలేదు. ఆ శనివారం బస్సులో కూర్చుని దారంతా మాట కూర్చుకున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వరద వస్తే వెళ్లాను, తుఫాను వస్తే వెళ్లాను, పడిపోయిన తోటల మధ్య నిలబడి రైతులకి ధైర్యం చెప్పాను. అదంతా గాలి చేసిన పని. ఇది నేను చేసిన పని.

"అప్పా, చెట్టు పోయింది" అన్నాను. "నీ తప్పేం లేదు. నేను అడగాల్సింది, అడగలేదు. నా వల్ల పోయింది."

ఎర్రమ్మ చేతిలో కత్తి పక్కన పెట్టింది. ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు.

"తెలుసమ్మా. జేష్టంలోనే మా ఇంటాయన పెద్దకొమ్మ విరిసి సూపించినాడు. లోపలంతా కట్టె."

"జ్యేష్ఠంలోనా? మరి మొన్నటిదాకా తడిగా ఉంది కదా?"

"పోసినాను."

"నీళ్లెక్కడివి?"

అడిగాను. ఆరు నెలలకి అడిగాను. అవతల పేటలో మంచినీళ్ల బావి ఉందట. ఇసకలో పోనూ రానూ అరగంట. పొద్దున్న వేట పడవలు రాకముందు రెండుసార్లు, చేపలన్నీ ఎండకేశాక మూడుసార్లు. ఐదు బిందెలు.

"చచ్చిపోయిందని తెలిసి కూడా ఎందుకు మోశావప్పా?"

ఆవిడ నన్ను చంటిపిల్లని చూసినట్టు చూసింది.

"నువ్వు అంత దూరం నుంచి బస్సెక్కి వత్తన్నావు గదా. వచ్చినకాడ నుంచీ మట్టే ముట్టుకుంటన్నావు. అది ఎండిపోయుంటే నీ మొగం సిన్నబోతాది. అందుకని పోసినాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ముందే, వీధిలో, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నేను ఆవిడ చెట్టుని బతికిస్తున్నానని అనుకుంటుంటే, ఆవిడ ఎండలో ఇసక తొక్కి నా మొహం నిలబెడుతోంది. మన జనం మనల్ని కాదనరు. చాలదని చెప్పరు, చేతకాదని చెప్పరు. వచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదని తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని నేను ముప్పై ఏళ్లు ఒప్పుకోలు అనుకున్నాను.

నేను కళ్లు తుడుచుకున్నాను. ఎర్రమ్మ నా సంచిలోంచి తొంగిచూస్తున్న అంటుమొక్క వైపు చూసింది. ఉత్త చేతులతో వెళ్లలేక తెచ్చాను గానీ, ఇవ్వడానికి నోరు రాలేదు.

"అది జీడేనా?"

"అవునప్పా. మొదటి రెండు వేసవులు దీనికి..." అని మొదలుపెట్టాను.

చెయ్యెత్తి ఆపింది.

"ఉండమ్మా, ఈపాలి నాను సెప్తాను, నువ్వు రాసుకో. కుళాయి వచ్చిన రోజు నాకు ఒక బిందె మిగుల్తాది. రాని రోజు బియ్యం కడిగిన నీళ్లు ఒక సెంబుడు. పండక్కి సుట్టాలొస్తే అదీ ఉండదు. దాంతో ఇది బతుకుతాదా, బతకదా? బతకదంటే ఇప్పుడే సెప్పీ, నాను ఏటీ అనుకోను."

నేను కాగితం తీసి ఇసకలో కూర్చున్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.